దురదపెట్టే మచ్చ, దురద లేని మచ్చ

మొన్న వేసవిలో జగిత్యాల వైపు ఒక గ్రామ సంఘమునకు వెళ్లాము. ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి తన కుమార్తెను మా యొద్దకు తీసుకొనివచ్చింది. పిల్ల మెడమీద, వీపుమీద తెల్లని మచ్చలు. చెమట పట్టితే దురద. ఏడాదిగా వస్తూ పోతూ ఉన్నవట. ప్రధానము చేసుకొనవలసినవారు "పెద్దరోగమేమో" అని వెనుకాడుచున్నారు. తల్లి అప్పటికే మందుల దుకాణములో అడిగి మూడు రకాల ట్యూబులు రాసింది. (ఇటువంటి ట్యూబులలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గినట్లుండి, తామరవంటిది మరింత పాకుతుంది.)

మేము వైద్యులము కాము. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపోయాము. డాక్టరుగారు మచ్చను గోటితో మెల్లగా గీరితే తవుడువంటి పొట్టు రాలింది. అది శోభి. అందరి చర్మముమీద ఉండే బూజువంటి క్రిమియే ఎండకు, చెమటకు పెరిగి మచ్చ చేస్తుంది. పూతమందుతో పోతుంది.

తోడు వచ్చిన మేనమామ, ఆదిలాబాదు జిల్లావాడు, అప్పుడు తన మోచేతి మచ్చ చూపించాడు. దురద లేదు, నొప్పి లేదు, కనుక రెండేండ్లు ఊరుకున్నాడు. కండ్లు మూయించి దూదిపోగుతో తాకితే, ఎక్కడ తాకినదీ చెప్పలేకపోయాడు. భయపడవలసిన మచ్చ అది! అయితే ముఖముమీది మచ్చకు స్పర్శ పోకపోవచ్చును, కనుక ఇంటిలో తేల్చుకొనరాదు.

లేవీయకాండము 13వ అధ్యాయములో యాజకుడు సహితము సందేహమున్నచోట ఏడు దినములు ఆగి మరల చూచును. అందులోని కుష్ఠు బట్టలకును పట్టును గనుక, అది నేటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. మనవారు మాత్రము ఒక్క చూపులో తీర్పు చెప్పుదురు.

ఇసబెల్ కెర్ దొరసాని 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి స్థాపించిన కాలమున నూనె సూదులే ఆధారము. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించింది. వ్యాధినిబట్టి ఆరు నెలలు లేక ఏడాది మాత్రలు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటదు. ఆలస్యమైతే మాత్రము వ్రేళ్లు వంకరపోవును. క్రైస్తవుల విడాకుల చట్టములో కూడ ఉండిన కుష్ఠు కారణమును 2019లో పార్లమెంటు తీసివేసింది.

మేనమామ మాత్రలు వాడుచున్నాడు. పిల్లకు దురద పోయినది. మచ్చల రంగు కలియుటకు కొన్ని నెలలు పట్టునని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మాట పెండ్లివారి ఇంటికి వెళ్లి మేమే చెప్పివచ్చాము.