ఆరు వారాలు దాటిన వాపు

ఆరోగ్యంగా ఉన్న కీలు లోపల సైనోవియం అనే పల్చని పొర ఉంటుంది. దాని పైవరస మందం ఒకటి నుంచి మూడు కణాలు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చిన కీలులో అదే వరస 10 కణాలు దాటి పేరుకుపోతుంది. మోకాలిలో మామూలుగా మూడు, నాలుగు మిల్లీలీటర్లకు మించని జిగురు ద్రవం పదుల మిల్లీలీటర్లవుతుంది. ఆ ద్రవంలో మైక్రోలీటరుకు 200 లోపే ఉండాల్సిన తెల్లకణాలు వేలల్లోకి, ఒక్కోసారి 50 వేల దాకా వెళతాయి. అరిగిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ కీలులో అక్కర్లేనిది పెరుగుతోంది.

దుర్మాంసంలా పెరిగే ఈ కణజాలాన్ని డాక్టర్లు పానస్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు. కానీ తనకు కావలసిన రక్తం కోసం కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుంది. ఎముక మీద మృదులాస్థి కప్పులేని సన్నని అంచు ఒకటి కీలు లోపలే ఉంటుంది. పానస్ ముందుగా దాడి చేసేది అక్కడే. గోడ పగుల్లో పడ్డ మర్రి మొలక వేళ్లు దింపినట్టు, అక్కణ్నుంచి ఎముకలోకి చొచ్చుకుపోతుంది. పొరలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు మృదులాస్థిని కరిగించే ఎంజైములను వదులుతాయి. ఆ ఫైబ్రోబ్లాస్ట్‌లే ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణాలను కూడా ఉసిగొల్పుతాయి. దీనంతటికీ మూలం మన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే తిరగబడటం. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సంకేతాలు ఆ మంటను ఆరనివ్వవు. ఎముకకు ఒకసారి పడిన గుంత చాలావరకు పూడదు. సరైన మందు పడకపోతే ఎక్కువమందిలో ఈ గుంతలు మొదటి రెండు, మూడేళ్లలోనే కనిపిస్తాయి.

2019లో ప్రపంచవ్యాప్తంగా ఈ జబ్బుతో 1.8 కోట్ల మంది ఉన్నారని, వారిలో 70 శాతం ఆడవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో తరచూ ఉదహరించే లెక్క ఢిల్లీ దగ్గరి పల్లెల్లో జరిపి 1993లో ప్రచురించిన సర్వేది. పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఉందని అందులో తేలింది. ఆ నిష్పత్తినే పాత కృష్ణా జిల్లా మెట్టకు, అంటే 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేట పల్లెలకు వర్తింపజేసి చూడండి. 4,000 మంది పెద్దవాళ్లున్న ఊళ్లో 30 మంది. వాళ్లలో 20 మందికి పైగా ఆడవాళ్లు.

ఈ ప్రాంతంలో పత్తి తీసేదీ, మిరపకాయలు కోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఆ పనికి కావలసింది వేళ్ల కణుపులూ, మణికట్టూ. పానస్ ముందుగా పట్టుకునేవీ అవే. అందుకే చేతులు వాస్తే పని వల్లేలే అనుకుంటారు. లేదంటే చికున్‌గున్యా మీదకు తోస్తారు. 2006లో దేశంలో దాదాపు 14 లక్షల మందికి చికున్‌గున్యా వచ్చిందని అంచనా. అప్పుడు ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో మనదొకటి కాబట్టి ఆ అనుమానం సహజమే. అయినా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను అనుమానించడానికి కొన్ని గుర్తులున్నాయి. పొద్దున లేచాక వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు చేతుల్లోనూ వాపు, ఆరు వారాలైనా తగ్గకపోవడం. పనిచేస్తే పెరిగి విశ్రాంతి తీసుకుంటే తగ్గేది అరుగుదల నొప్పి. ఇది విశ్రాంతి తర్వాతే ఎక్కువగా బాధిస్తుంది.

రక్తపరీక్షల్లోనూ అంకెలు తెలిసి ఉండాలి. ఈ జబ్బున్న 100 మందిలో ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చేది సుమారు 70 మందికే. యాంటీ సీసీపీ కూడా దాదాపు అంతే. అయితే జబ్బు లేనివాళ్లలో 100కి 95 మందికి యాంటీ సీసీపీ నెగెటివ్‌గానే వస్తుంది కాబట్టి పాజిటివ్ వస్తే దాన్ని బాగా నమ్మవచ్చు. నెగెటివ్ వచ్చిందని మాత్రం ఊరుకోకూడదు. మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. పొర మందాన్నీ, అందులో పారే రక్తాన్నీ డాప్లర్ అల్ట్రాసౌండ్ ముందే చూపిస్తుంది. పొగతాగడం ఈ జబ్బు ముప్పును పెంచుతుందని గట్టిగా రుజువైంది. రాతిపొడిలోని సిలికా కూడా అంతే. దొనబండ వంటి చోట్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మందు దగ్గరికొస్తే ఈ కథలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత రెండేళ్లకు, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. 1948లో ఆయన కన్నుమూశారు. 40 ఏళ్లకు, 1988లో, అమెరికా ఆ మందును రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఆమోదించింది. ఇవాళ ఈ జబ్బుకు ముందుగా రాసేది సాధారణంగా దాన్నే. మెథోట్రెక్సేట్ దుష్ఫలితాలు తగ్గడానికి మరో రోజు వేసుకోమనేది ఫోలిక్ యాసిడ్. రెండు మాత్రల వెనకా ఆయన చెయ్యి ఉంది. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి, చెప్పుకోవడమే తక్కువ.

మెథోట్రెక్సేట్ మోతాదు సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మధ్యలో రక్తపరీక్షలు తప్పనిసరి. గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. ఇది చాలకపోతే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. అయితే అవి మొదలుపెట్టే ముందు క్షయ లేదని తేల్చుకోవాలి.

చాలామంది ఇక్కడిదాకా రారు. ఆర్ఎంపీ ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రతో మర్నాటికే లేచి పనికి వెళతారు. నొప్పి తగ్గిందంటే జబ్బు పోయిందని కాదు. స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడితే షుగర్, బీపీ, ఎముకల బలహీనత వచ్చిపడతాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

లక్షణాలు మొదలైన ఆరు వారాల్లోపు కీళ్ల నిపుణుల దగ్గరికి, మూడు నెలల్లోపు మందు మొదలు అని యూరప్ వైద్యుల సిఫార్సు. నందిగామ నుంచి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి దాదాపు 80. వెళితే ఆ రోజు కూలి పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఆ కష్టం చిన్నది కాదు. అయినా మీ ఇంట్లో అమ్మకో, అక్కకో, కోడలికో పొద్దున వేళ్లు ముడుచుకోకపోతే, వాపు తగ్గకపోతే, ఆరు వారాలు దాటేదాకా ఆగకండి, పత్తి తీతలు అయ్యాక చూద్దామనకండి. ముందు తీసుకెళ్లండి.