నల్లమట్టి కుండ

తర్కశాస్త్రము చదివినవానికి కుండనుగూర్చి మాటలాడుట క్రొత్త గాదు. మా గురువులు పాఠము చెప్పునపుడెల్ల ఘటమే దృష్టాంతము. మన్ను ఉపాదానము, కుమ్మరి, దండము, చక్రము నిమిత్తకారణములు. పచ్చికుండ నల్లగా నుండును. ఆవములో కాలిన పిమ్మట ఎఱ్ఱనగును. ఈ పాఠమును నేనును పెక్కేండ్లు బాలురకు చెప్పితిని. మెక్సికో దేశములోని యొక గ్రామమున చక్రమును లేదు, ఎఱుపును లేదు. అచ్చట కుండ కాలిన పిమ్మటనే నల్లనగును. ఆ వింత యేమో నేడు మీకు విన్నవించెదను.

ఆ గ్రామము పేరు సాన్ బార్తొలో కొయొతెపెక్. మెక్సికో దక్షిణభాగమున వహాకా రాష్ట్రములో, అదే పేరుగల నగరమునకు దక్షిణముగా కొలది మైళ్ల దూరమున నున్నది. కొయొతెపెక్ అనగా నహువా భాషలో కొయొతేల కొండ. కొయొతే యనునది మన నక్కను బోలిన జంతువు. ఆ ప్రాంతపు జపోతెకు జనులు ప్రాచీనులు. క్రీస్తునకు పూర్వము సుమారు 500 సంవత్సరముల నాడు వారు నెలకొల్పిన మోంతె ఆల్బాన్ నగరపు శిథిలములలోను బూడిదవన్నె మట్టిపాత్రలు దొరకినవి.

కొయొతెపెక్ కుమ్మరికి సారెకు బదులు రెండు మూకుళ్లు గలవు. ఒకదానిని బోర్లించి, దాని వీపుపై రెండవదానిని వెల్లకిల నుంచి, అందు మట్టిముద్ద పెట్టి, త్రిప్పుచు రూపు దిద్దును.

ఇక వన్నె మాట. మట్టిలో ఇనుము కలదు. మంటకు గాలి ధారాళముగా తగిలినచో ఆ ఇనుము ప్రాణవాయువును గ్రహించి ఎఱ్ఱనగును. మన కుండల యెఱుపునకు కారణ మిదియే. కొయొతెపెక్‌లో నేలలో త్రవ్విన ఆవమును రగిల్చి, తగిన వేడిమి రాగానే రంధ్రములన్నియు మూసివైతురు. లోపల పొగ నిండును, గాలి చొరదు. అపుడు మంట తనకు చాలని ప్రాణవాయువును మట్టిలోని ఇనుమునుండియే లాగికొనును. కుండ నల్లబడును.

పూర్వపు పాత్రలు బూడిదవన్నెవి, మెఱుపు లేనివి, కాని గట్టివి. నీటిని, కిత్తనారజాతి మొక్కనుండి తీయు మెస్కల్ అను మద్యమును వానిలో నింపి మోసికొని పోయెడివారు. తరువాత లోహపాత్రలును ప్లాస్టికు బిందెలును వచ్చెను. కుండల నడుగువారు తగ్గిరి.

1950 తరువాతి దశాబ్దమున ఆ గ్రామపు కుమ్మరి స్త్రీ రోసా రెయాల్ క్రొత్త మార్గము కనుగొనెను. పాత్ర కొంత యారినపుడు పలుగురాతితో దాని మేనెల్ల రుద్ది మెఱుగుపెట్టి, మునుపటికన్న తక్కువ వేడిమిలో కాల్చెను. అది కాటుకవలె నల్లనై, అద్దమువలె మెఱసెను. దేశాంతరముల యాత్రికులు వచ్చి కొనసాగిరి. గ్రామము నేడు ఈ పనిచేతనే ప్రసిద్ధమై యున్నది.

కాని యీ మెఱుపునకు వెల కలదు. తక్కువ వేడిమిలో కాలినది గనుక ఆ కుండ నీరు నిలుపదు. శంఖమువంటి కంఠము గలది ఘటమని తార్కికులు లక్షణము చెప్పుదురు. నీరు తెచ్చుట దాని ప్రయోజనము. ఇచ్చట లక్షణము నిలిచినది, ప్రయోజనము పోయినది. ఇట్టిదానిని కుండ యనవచ్చునా యని మీ రడుగవచ్చును.

నా సమాధాన మిది. నీటికుండకు గిరాకి పోయిన కాలమున కుమ్మరి యింట పొయ్యి రగిలినది ఈ మెఱుపు వలననే. మన్ను ఎన్నుకొనుట, మూకుళ్లపై త్రిప్పుట, ఆవము మూయు అదను ఎఱుగుట, ఈ విద్యలన్నియు క్రొత్త కుండలోను చెక్కుచెదరలేదు. రాతిమెఱుగు మాని వేడిమి హెచ్చించినచో అదే మట్టినుండి అదే చేయి నేటికిని నీటికుండ చేయగలదు. అలంకారమునకై చేసిన కుండ ఆ చేతిని బ్రతికించినది. అందుచే దానిని నిందింపను.

అయినను ఒక విన్నపము. చేతిపని వస్తువును కొనునపుడు, అది వాడుకకా, చూపునకా యని చేసినవానినే యడిగి తెలిసికొనుడు. వాడుక కుండ నడుగువారు కొందఱైనను మిగిలిననే గదా, దానిని చేయు విద్యయు మిగులును!