సత్రములు, హోటళ్లు, ఇంధనపు పొదుపు

పూర్వము మన దేశమున బాటసారి యాకలి తీర్చుటకు సత్రములును, పూటకూళ్ల యిండ్లును ఉండెడివి. నేడు పేటపేటకు హోటళ్లును లాడ్జీలును వెలసినవి. పేరు మారినను పని మారలేదు. వచ్చినవానికి ఉడుకన్నము, స్నానమునకు వేడినీళ్లు, పండుకొన చోటు కావలెను. వీనికన్నిటికిని ఇంధనము కావలెను. అది యెక్కడ వ్యర్థమగుచున్నదో కొంచెము విచారింతము. మీలో పలువురు సత్రములకు ధర్మకర్తలు, కల్యాణమండపములకు పెత్తనదారులు. తక్కినవారు యాత్రలకు పోయినప్పుడైనను వీనిలో దిగకపోరు. కావున ఇది హోటలు యజమానుల మాట యని త్రోసివేయవలదు.

నేను సభ్యుడనుగా ఉన్న యొక సత్రపు సంఘమున, గ్యాసు ఖర్చు భరింపరానిదైనదని చెప్పి రాత్రి భోజనము నిలిపివేయుదమని నిరుడొక తీర్మానము వచ్చెను. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట దూరమునుండి చేరు యాత్రికునకు పిడికెడన్నము పెట్టని సత్రమెందులకు? మరియొకరు దీపములార్పించి ఖర్చు తగ్గింతమనిరి. దీపములు కంటికి కనబడును గనుక దృష్టి వానిమీదికే పోవుట సహజము. కాని లెక్క వేసి చూడుడు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పది గంటలు వెలిగినను యూనిటులో పదవవంతైనను కాదు. నూరు లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు గీజరుతో కాచుటకు నాలుగు యూనిట్లకు పైగా పట్టును. ఆ విద్యుత్తుతో అట్టి దీపమును నలువదినాలుగు రాత్రులు వెలిగింపవచ్చును. ధనము పోవు ద్వారము దీపము కాదు, వేడిమి.

ఇక వంటశాలకు పోదము. నీరు 100 డిగ్రీలకడ మరుగును. మరిగిన పిమ్మట మంట నెంత పెంచినను, మూయని పాత్రలోని నీటికి అంతకన్న వేడి యెక్కదు. ఆవిరి మాత్రము హెచ్చుగా లేచును. లీటరు నీటిని 30 డిగ్రీలనుండి మరుగువరకు తెచ్చుటకు 70 కిలోక్యాలరీలు చాలును. ఆ మరుగు నీటినే పూర్తిగా ఆవిరి చేయుటకు 540 కావలెను. అనగా కాచుటకైన దానికి సుమారు ఎనిమిదిరెట్లు. ఈ సంగతి యెరుగని వంటవాడు గుండిగకు మూత తీసి, పప్పు వేగిరము కావలెనని మంట పెద్దది చేయును. పప్పు ఉడుకదు, వంటిల్లుడుకును. ఆ సెగలో ప్రొద్దంతయు నిలువవలసినవాడును అతడే. మూత పెట్టి, మరుగు పట్టగనే మంట తగ్గించుట. పప్పును ముందుగా నానవేయుట. మంట పాత్ర యడుగును దాటి ప్రక్కలకు ప్రాకకుండ చూచుట — వీనికి కాసు ఖర్చు లేదు. మన ముత్తవ్వలకు కిలోక్యాలరీలు తెలియవు గాని, కట్టెలు మోసి తెచ్చుకొనువారు గనుక ఈ పనులన్నియు తెలియును. మంట నీలముగా నుండవలెను. పసుపుపచ్చనై, పాత్రకు మసి పట్టెనేని గ్యాసు సరిగా కాలుటలేదని యెరిగి, పొయ్యి రంధ్రములు శుభ్రము చేయింపవలెను. ఫలహారపు హోటళ్లలో దోసె పెనము క్రింద బేరము లేని గంటలలోను మంట మండుచునే యుండుట నేను పలుచోట్ల చూచితిని.

మా సంఘమువారు తీర్మానమును మూడు మాసములు వాయిదా వేసిరి. సిలిండరు మార్చిన తేదీయు, ఆనాటి విస్తళ్ల సంఖ్యయు ఒకే పుస్తకమున వ్రాయించితిమి. 19 కిలోల సిలిండరొకటి యెన్ని విస్తళ్లకు వచ్చినదో వంటవానికే తెలియసాగెను. అతడే మూతలకై పట్టుబట్టి, సొట్టలు పడినవానిని మార్పించెను. తుదకు తీర్మానము తెచ్చినవారే దానిని మరలించుకొనిరి. రాత్రి భోజనము నేటికిని జరుగుచున్నది.

పెద్ద వంటశాలలకు సూర్యుడును తోడ్పడగలడు. తిరుమలలో 2002వ సంవత్సరమున అన్నప్రసాదపు వంటకై 106 పుటాకార దర్పణములు నిలిపిరి. అవి సూర్యునివెంట తిరుగుచు, కిరణములనొక్కచోట చేర్చి నీటిని ఆవిరి చేయును. ఆ యావిరి గొట్టములద్వారా వంటపాత్రలకు పోవును. దినమునకు సుమారు 15 వేలమందికి వండునట్లు దానిని నిర్మించిరి. మబ్బు దినములకై బాయిలరును దానితో జతచేసిరి. చిన్న సత్రమునకు అంత యేర్పాటు వలదు. మిద్దెమీద సూర్యరశ్మితో నీళ్లు కాచు యంత్రమొకటి చాలును. అయితే ముందు వేడినీటి గొట్టములకు చుట్టు కప్పించి, కారు కుళాయిలు బాగుచేయించి, ఆ తరువాతనే యంత్రము కొనవలెనని నా యభిప్రాయము. లేనియెడల సూర్యుడిచ్చిన వేడియు దారిలోనే పోవును.

కడపట శీతలయంత్రముల మాట. ఒక్క డిగ్రీ పెంచిన సుమారు నూటికి ఆరు వంతుల విద్యుత్తు మిగులునని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ యను కేంద్రప్రభుత్వ సంస్థ చెప్పుచున్నది. గదులలో వాడు ఈ యంత్రములను, మొదట 24 డిగ్రీలకడ నిలిపియే అమ్మవలెనని 2020 జనవరినుండి నిబంధన వచ్చినది. ఐనను మన బంధువులలోనే కొందరు లాడ్జీలో దిగగానే 18 డిగ్రీలకు త్రిప్పి, రగ్గు ముసుగుపెట్టి నిద్రింతురు. చలిని వెలకు కొని కంబళి కప్పుకొనుట యిది! అతిథిని అడ్డగించుట మర్యాద కాదు. అతడు దిగకముందే యంత్రమును 24కడ నుంచి, తలుపు సందులు మూయించి, పంకా బాగుగా తిరుగునట్లు చూచినచో, అతడు మీట ముట్టు పనియే తరచుగా కలుగదు.