ఇంటి రూటరు: లోపలి తాళము, పై తూము



నిజామాబాదు పట్టణములో గాని, బోధను చుట్టుపట్ల పల్లెలలో గాని, గల్ఫు దేశములకు ఒక్కరైనను వెళ్ళని వాడకట్టు అరుదు. ఇంట వృద్ధులైన తల్లిదండ్రులుందురు. కుమారుడు దుబాయిలోనో, కువైటులోనో పనిచేయుచుండును. సెలవుపై వచ్చినప్పుడు అతడు వాకిటిపై ఒక కెమెరా బిగించి, దానిని ఇంటి వైఫైకి కలిపి, తన ఫోనులో ఇల్లు కనబడుచున్నదని తృప్తిపడి విమానమెక్కును. అక్కడికి చేరిన తరువాత చూడబోగా ఏమియు కనబడదు. అప్పటినుండి ఇంటివారికి రూటరుతో పెనుగులాట మొదలగును. పెట్టెను పదిమార్లు ఆర్పి వెలిగింతురు. తెలిసిన కుర్రవాడొకడు వచ్చి మధ్యాహ్నమంతయు అంకెలు మార్చును. తుదకు ఉన్న ఇంటర్నెట్టు కూడ పోవును.

ఇట్టి సందర్భములలో దోషము పెక్కుసార్లు ఆ పెట్టెలో ఉండదు. అది ఎక్కడ ఉన్నదో వరుస తప్పక వెదకి తెలిసికొను విధానమును వివరించుటయే ఈ ప్రసంగోద్దేశము.

మన ప్రాంతము వారికి కాలువ వ్యవహారము క్రొత్త కాదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నుండి ప్రధాన కాలువ, దానినుండి పిల్లకాలువలు, వానినుండి తూముల గుండ పొలములకు నీరు. 1937లో స్థాపింపబడిన బోధను చక్కెర కర్మాగారమునకు చెరకు పండినది ఆ నీటితోనే. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినను, పై తూము మూసియుండగా క్రింది తూము ఎంత తీసినను నీరు రాదను సంగతిని ఇక్కడి రైతు మరువలేదు. రూటరు విషయములోను గుర్తుంచుకొనవలసిన ముఖ్య సూత్రము అదియే.

మొదట రూటరు చేయు పని ఏమో చూతము. ఇంటర్నెట్టు సంస్థ మన యింటికి సాధారణముగ ఒక్క చిరునామానే ఇచ్చును. దీనినే ఐ.పి. చిరునామా అందురు. ఇంటిలోనో, రెండు మూడు ఫోనులు, ఒక టీవీ, ఒక కెమెరా ఉండును. వీనికి రూటరు తానే 192.168.1.5 వంటి లోపలి చిరునామాలు పంచిపెట్టును. ఇవి ఇంటిలోని ముద్దుపేర్ల వంటివి. ‘చిన్నా’ అని ఇంట పిలిచిన పలుకుదురు. కాని ఆ పేరు మాత్రము వ్రాసి కువైటునుండి జాబు పంపిన అది చేరదు. బోధనులో ఒక కెమెరాకు, కువైటులో మరియొక టీవీకి అదే లోపలి చిరునామా ఉండవచ్చును.

లోపలినుండి ఎవరైనను వెలుపలికి కోరిక పంపినప్పుడు రూటరు తన చిట్టాలో వ్రాసికొని, జవాబు రాగానే అడిగినవారికి అందించును. ఎవరును అడుగకయే వెలుపలినుండి వచ్చినదానిని ఎవరికి అందించవలెనో దానికి తెలియదు గనుక త్రోసివేయును. ఇది మనకొక రక్షణ. అయితే దుబాయినుండి కుమారుడు కెమెరాను చూడబూనినప్పుడు జరుగునదియు ఇదియే. ఫలాన సంఖ్యగల ద్వారమునకు వచ్చినవారిని కెమెరాయొద్దకు పంపుమని రూటరుకు ముందుగా ఆజ్ఞ ఇచ్చుటకే పోర్టు ఫార్వర్డింగు అని పేరు. ఈ ద్వారములకు, అనగా పోర్టులకు, 65535 వరకు సంఖ్యలు కలవు. రూటరు ఇంటికి నీరడి. పోర్టు ఫార్వర్డింగు మన పొలము తూము.

ఆజ్ఞ ఇవ్వవలెనన్న మొదట రూటరులోనికి ప్రవేశించవలెను. చాలమందికి ఇక్కడనే అడ్డు తగులును. రూటరు అడుగున అంటించిన చీటీపై దాని చిరునామా ఉండును; పెక్కింటికి అది 192.168.1.1 గాని 192.168.0.1 గాని అయియుండును. చీటీ చెరిగిపోయిన, ఫోనులోని వైఫై వివరములలో ‘గేట్‌వే’ అను చోట చూడవచ్చును. ఆ అంకెలను బ్రౌజరు పైభాగమున చిరునామా వ్రాయు చోటనే వ్రాయవలెను. వెదకు పెట్టెలో వ్రాసిన ఏవేవో ప్రకటనలు వచ్చును గాని రూటరు రాదు. ఫోను ఇంటి వైఫైకే కలిసియుండవలెను. మొబైల్ డేటాను ఆపవలెను. ‘ఈ పుట సురక్షితము కాదు’ అను హెచ్చరిక వచ్చుటయు కలదు. వ్రాసినది మన రూటరు చిరునామాయే అయినచో దానికి భయపడ పనిలేదు.

తరువాత పాస్‌వర్డు సంగతి. వైఫైకి కలియుటకు ఒక పాస్‌వర్డు, రూటరు లోపల మార్పులు చేయుటకు వేరొక పాస్‌వర్డు ఉండును. ఒకటి వీధి తలుపు తాళముచెవి, రెండవది బీరువా తాళముచెవి. మొదటిదానిని రెండవచోట వ్రాసి విసుగుచెందువారు పలువురు. పలుమార్లు తప్పు వ్రాసినచో కొన్ని రూటర్లు కొన్ని నిమిషములపాటు తలుపు మూసికొనును. అప్పుడు ఓపిక పట్టుటయే మందు. కొన్నిచోట్ల సంస్థవారు తామిచ్చిన రూటరు పూర్తి అధికారమును తమయొద్దనే ఉంచుకొందురు. లోపలికి వెళ్ళినను పోర్టు ఫార్వర్డింగు పుట కనబడకున్న, వారినే అడుగవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. రూటరు వెనుక ‘రీసెట్’ అను చిన్న రంధ్రము ఉండును. సూదితో కొన్ని క్షణములు నొక్కిపట్టిన, పాస్‌వర్డు మొదటి స్థితికి వచ్చుట నిజమే. కాని కనెక్షను ఇచ్చినవారు దానిలో నింపిన యూజరు పేరు మొదలైన వివరములు కూడ దానితో చెరిగిపోవచ్చును; అప్పుడు ఇంటికి ఇంటర్నెట్టే ఉండదు. ఆ వివరములు కాగితముపై వ్రాసి దాచుకొననిదే ఆ రంధ్రము జోలికి పోరాదు.

లోపలికి ప్రవేశించి ఆజ్ఞ వ్రాసిన పిదపను పని జరుగకున్న, మూడు విషయములు చూడవలెను. మొదటిది, కెమెరా లోపలి చిరునామా. కరెంటు పోయి వచ్చిన తరువాత రూటరు దానికి వేరు చిరునామా ఇచ్చియుండవచ్చును. ఆజ్ఞ మాత్రము పాతదానికే ఉండును. కావున ఆ కెమెరాకు ఒకే చిరునామా ఎప్పుడును ఇచ్చునట్లు రూటరులోనే నియమించవలెను. రెండవది, పోర్టు సంఖ్య. కెమెరా ఏ సంఖ్యవద్ద పలుకునో దాని అమరికలలో చూచి అదే వ్రాయవలెను. మూడవది, పరీక్షించు చోటు. ఇంటి వైఫైలో ఉండి వెలుపలి చిరునామాను వ్రాసినచో, అన్నియు సరిగనున్నను కొన్ని రూటర్లు పలుకవు. వైఫై ఆపి, మొబైల్ డేటాపై పరీక్షించిననే నిజము తెలియును.

ఇవన్నియు సరియైనను ఫలము లేనిచో, అప్పుడు పై తూమును చూడవలెను. నిజమునకు దీనినే మొట్టమొదట చూచుట మేలు. ఐదు నిమిషముల పని. రూటరు పుటలో ‘స్టేటస్’ అను చోట ‘వ్యాన్ ఐ.పి.’ అని యొక చిరునామా ఉండును; దానిని వ్రాసికొనుడు. తరువాత ఇంటి వైఫైపైననే, మన ఐ.పి. చిరునామాను చూపు వెబ్‌సైటు ఏదైన తెరచి, అది చూపు అంకెలతో పోల్చుడు. రెండును ఒకటే అయిన, దోషము మన యింటిలోనే ఉన్నది, వెదకిన దొరకును. రెండును వేరైనను, రూటరులోనిది 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతోనో, 10తోనో ప్రారంభమైనను, మన చిరునామా మనకొక్కరికే చెందినది కాదు. సంస్థవారు పెక్కు ఇండ్లను ఒకే వెలుపలి చిరునామా వెనుక ఉంచినారన్నమాట. ఇంటిలోనే రెండు రూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉన్నప్పుడును ఇట్లే కనబడును. అది మన చేతిలోని పని. లేనియెడల తూము మీటు సంస్థవారి చేతిలో ఉన్నది.

వారట్లు ఏల చేయుదురు? పాత పద్ధతిలో ప్రపంచమంతటికి ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిలువలోని చివరి భాగములు ప్రాంతీయ సంస్థలకు పంచబడి, నిలువ ఖాళీయైనది. 2012లో పైన చెప్పిన 100.64 వరుస, ఇట్లు ఉమ్మడిగ పంచుకొనుటకే ప్రత్యేకింపబడినది. కావున ఇది లోపము కాదు, కొరతలో చేసికొన్న సర్దుబాటు. అట్టి కనెక్షనుపై రూటరులో ఎన్ని అంకెలు మార్చినను ఫలము సున్న.

మరి మార్గమేమి? అదనపు రుసుము చెల్లించి ప్రత్యేక స్థిర చిరునామాను సంస్థనుండి కోరవచ్చును. అందరు ఇత్తురని చెప్పలేము గనుక ముందుగ విచారించవలెను. ఐ.పి.వి.6 అను క్రొత్త పద్ధతిలో చిరునామాల కొరత లేదు. కాని రెండు కొనలను అది ఉండవలెను, రూటరు అడ్డును అనుమతించవలెను. సాధారణ కుటుంబమునకు సులభమైనది కెమెరా తయారీదారు ఇచ్చిన యాప్. దానిలో కెమెరాయే లోపలినుండి వెలుపలి సర్వరును పిలుచును గనుక తూము తీయ పనిలేదు. అయితే మన యింటి దృశ్యము ఆ సంస్థ మార్గమున పోవునని తెలిసియే ఎన్నుకొనవలెను. వి.పి.ఎన్. అను రహస్య మార్గము మరింత భద్రమైనదే, కాని యు.ఎ.ఇ., ఒమాను వంటి దేశములలో దాని వాడకముపై నిబంధనలు గలవు. అక్కడి చట్టము తెలిసికొననిదే కుమారుని ఫోనులో పెట్టింపరాదు.

తుదకు, తూము తీయగలిగినవారికి ఒక మాట. తీసిన తూము గుండ మన నీరే రావలెనను నియమము లేదు. 2016లో ‘మిరాయ్’ అను దుష్ట ప్రోగ్రాము, తయారీదారులు పెట్టిన పేరు–పాస్‌వర్డుల జతలు సుమారు 60ని వరుసగ ప్రయత్నించుచు, లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొన్నది. వాని బలముతో ఆ అక్టోబరు 21న అమెరికాలో డైన్ అను సంస్థపై జరిగిన దాడివలన ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటి సేవలు కొన్ని గంటలు స్తంభించినవి. దీనికి మూలము ఇది: ఆ కెమెరాలలో పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చలేదు.

కనుక కెమెరాకు, రూటరుకు వేర్వేరు పొడవైన పాస్‌వర్డులు పెట్టి, ఒక పుస్తకములో వ్రాసి ఇంట భద్రపరచుడు. రూటరును వెలుపలినుండి నడుపు సౌకర్యమును ఆపివేయుడు. సాఫ్ట్‌వేరు క్రొత్తది వచ్చినప్పుడెల్ల వేయించుడు. అవసరము తీరిన పోర్టును మూయుడు. సెలవుపై వచ్చిన కుమారుడు తిరిగి వెళ్ళకముందే, వైఫై ఆపి మొబైల్ డేటాపై ఒక్కమారు కెమెరాను చూచుకొన్నచో, విమానము దిగిన తరువాత తెలియవలసినది ఇంటి గడపలోనే తెలియును.