కొనని టిక్కెట్టుకు వచ్చిన బహుమతి

కుశలప్రశ్నల ఉత్తరాలు కరువైన ఈ రోజుల్లో పోస్టుమాన్ కవరు తెచ్చాడంటే ఇంటిల్లిపాదికీ కుతూహలమే. ఆ కుతూహలమే పెట్టుబడిగా వ్యాపారం సాగించేవారు కొందరున్నారు. కవరు మీద మన పేరు, విలాసం తప్పులేకుండా ఉంటాయి. లోపల పేరుమోసిన ఏదో కంపెనీ పేరిట అచ్చువేసిన ఉత్తరం, దాని మీద గుండ్రని ముద్రలు, తోడుగా ఒక రంగుల కార్డు. కార్డును నాణెంతో గీకితే కారో, లక్షల రూపాయలో మనకు వచ్చినట్లు తేలుతుంది. అడుగున ఒక ఫోను నంబరు.

ఫోను చేస్తే అవతలివారు ఎంతో మర్యాదగా మాట్లాడతారు. మొదట ఖర్చుల కింద కొద్ది వేలు పంపమంటారు. పంపగానే జి.ఎస్.టి. అంటారు, ఆ పైన ఇన్సూరెన్సు అంటారు. పోయిన సొమ్ము దక్కించుకోవాలన్న ఆశతో మనిషి మళ్ళీ మళ్ళీ పంపుతాడు. కారు మాత్రం రాదు.

ఇది కొత్త విద్య కాదు. స్పెయిను చెరసాలలో ఒక ధనికుడున్నాడనీ, విడుదలకు సొమ్ము పంపితే నిధిలో వాటా ఇస్తాడనీ 19వ శతాబ్దంలోనే ఐరోపా, అమెరికాలలో ఉత్తరాలు తిరిగేవి. 1980ల నాటికి అటువంటి కథే నైజీరియా నుంచి బయలుదేరింది. అక్కడి శిక్షాస్మృతిలో మోసానికి 419వ సెక్షను, మనకు 420. మన నేరం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షనుకు మారింది. అంకె మారింది గాని విద్య మారలేదు.

ఇట్టి ఉత్తరాన్ని పోల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. మనం టిక్కెట్టు కొన్నామా? కొననిదే బహుమతి ఎక్కడిది? ఇచ్చేవారే ముందు మనల్ని అడుగుతున్నారా? లాటరీలో నగదు వస్తే పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత ఇచ్చేవారిదే. ఎవరో ఒక వ్యక్తి ఖాతాలో వేయమన్న సొమ్ము పన్ను కాదు. ఇక మూడవది: ఎవరికీ చెప్పవద్దంటున్నారా? విదేశీ లాటరీ టిక్కెట్లకు ఇక్కడి నుంచి డబ్బు పంపడం 2000 నాటి విదేశ మారక నిబంధనల ప్రకారం నిషిద్ధం. రిజర్వు బ్యాంకు వ్యక్తుల పేర ఖాతాలు నడపదు. దాని పేరిట బహుమతి ఉత్తరం వస్తే నమ్మనక్కరలేదు.

ఈ మూడవ ప్రశ్న మనవంటి కుటుంబాలకు మరీ ముఖ్యం. మన పెద్దలలో కొందరికి ఊరి భాష నోట వచ్చినా లిపి రాదు. కొందరికి ఇంగ్లీషు రాదు. పిల్లలు దూరపు ఉద్యోగాలలో ఉంటారు. ఒంటరిగా చదివిన ఉత్తరమే మోసగాడికి కావాలి. పూర్వం ఉత్తరం వస్తే చదువుకున్నవారెవరో బిగ్గరగా చదివేవారు, ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. ఆ అలవాటును మళ్ళీ తెచ్చుకోవాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివారికో, సంఘంలో తెలిసినవారికో చూపించాలి.

అనుమానం వస్తే ఆ నంబరుకు ఫోను చేయవద్దు. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకాల నకళ్ళు పంపవద్దు. కవరు పారవేయవద్దు, పోస్టాఫీసు ముద్ర పోలీసులకు ఆధారం. సొమ్ము బ్యాంకు ద్వారానో, ఫోను ద్వారానో పంపి ఉంటే ఆ క్షణమే బ్యాంకుకు తెలిపి, 1930కి ఫోను చేసి, దగ్గరి ఠాణాలో ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము చేతులు మారుతుంది.

పిల్లలకూ ఒక మాట చెప్పవలసి ఉన్నది. మోసపోయిన తల్లినో, తండ్రినో "ఇంత తెలియదా?" అని గద్దిస్తే, రెండవ ఉత్తరం వచ్చినప్పుడు వారు మనకు చూపించరు. మొదటి ఉత్తరంతో పోయింది కొద్ది వేలే కావచ్చు. చెప్పుకోలేక దాచిన రెండవదానితో పోయేది జీవితమంతా కూడబెట్టుకున్నది.