ఇంటి బెల్లము ఒక్కొక్క యేడు నల్లబడుట ఎందుకు?

మెట్‌పల్లి వైపు ఒక గ్రామములో కొద్దిపాటి చెరకు వేసుకొనే పెద్దాయన ఒకరు, ప్రతి యేడు బెల్లము వండిన తరువాత గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసే కుమారుని క్వార్టరుకు ఒక సంచి తెస్తారు. అందులో నుండి ఒక ముద్ద మా ఇంటికి కూడ చేరుతుంది. ఒక యేడు ఆయన తెచ్చిన బెల్లము తేనె రంగులో, గోటితో గీరితే పొడి రాలేటంత గట్టిగా ఉన్నది. మరుసటి యేడు అదే పొలము, అదే గానుగ, అవే చేతులు. బెల్లము మాత్రము పాత చింతపండు రంగులో, చేతికి అంటుకొనేటంత మెత్తగా వచ్చింది. ఆయన చిన్నబోయిన ముఖముతో మా గుమ్మములో కూర్చున్నారు.

"అయ్యగారూ, మేమేం కలుపలే. గీ యేడు గిట్లనే వచ్చింది. కోడలేమో గిది గుడుంబా బెల్లం లెక్కున్నది, పక్కింటోళ్లకు పంచితే ఏమనుకుంటరు అంటున్నది" అన్నారు.

కోడలిని తప్పు పట్టలేము. నల్లబెల్లము, పటిక అనే రెండు మాటలు కలిసి వినబడితే మన జిల్లాలలో గుర్తుకు వచ్చేది నాటుసారాయే. 2015లో తెలంగాణ ప్రభుత్వము గుడుంబాపై పెద్ద ఎత్తున దాడులు జరిపించినప్పుడు, ఎక్సైజు వారు సారా కుండలతో పాటు నల్లబెల్లము మూటలను కూడ పట్టుకొన్నారు. అప్పటి నుండి బెల్లము రంగు నల్లబడిందంటే వండినవాని నడతపైనే అనుమానము వస్తున్నది. నడతకు, ఈ రంగుకు ఏ సంబంధమూ లేదని ఆ పెద్దాయన ఇంటివారికి చెప్పవలసి వచ్చింది. అందుకొరకు మేము తెలుసుకొన్న సంగతులనే ఇక్కడ వ్రాస్తున్నాము.

నూరు కిలోల చెరకు ఆడితే సుమారు పది కిలోల బెల్లము వస్తుంది. తక్కినదంతా పిప్పి, మడ్డి, ఆవిరైపోయే నీరు. రసములో ఏ కొంచెము లోపము ఉన్నా, నీరు ఇగిరిపోయే కొద్దీ అది చిక్కబడి ముద్దలో కనబడుతుంది. కాబట్టి రంగును పెనము దగ్గర కాదు, పొలము దగ్గరే వెదకాలి.

చెరకులోని తీపి ముఖ్యముగా సుక్రోజు అనే చక్కెర. అది గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరలు జతకూడినది. జతగా ఉన్నంతవరకు అది కాగినా అంత త్వరగా రంగు మారదు, చల్లారితే గట్టి పలుకుగా పేరుకొంటుంది. జత విడిపోతే ఆ రెండు చిన్న చక్కెరలు రసములోని మాంసకృత్తుల తునకలతో వేడిలో కలిసి గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతాయి. రొట్టె పెనముమీద ఎర్రబడేది కూడ ఇటువంటి మార్పువలననే. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని గూర్చి వ్రాశాడు గనుక శాస్త్రములో దానికి ఆయన పేరే నిలిచింది. ఈ చిన్న చక్కెరలు గాలిలోని తేమను కూడ పీల్చుకొంటాయి. అందువలననే నల్లబడిన బెల్లము మెత్తగా కూడ ఉంటుంది. రంగు, మెత్తదనము ఒకే కారణపు రెండు గుర్తులు.

మరి జత ఎందుకు విడిపోతుంది? పెద్దాయనను ఒక్కొక్కటే అడిగాము. మొదటి యేడు జనవరి చలిలో చెరకు కొట్టి మరునాడే ఆడారు. రెండవ యేడు కిరాయి గానుగ వంతు వారికి మార్చి వరకు రాలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని కొట్టిపెట్టిన చెరకు ఐదు రోజులు ఎండలో పడి ఉన్నది. అక్కడ దొరికింది జవాబు. కొట్టిన చెరకు చచ్చిన కట్టె కాదు. దానిలోని ఎంజైములు, కోతదగ్గర చేరిన సూక్ష్మజీవులు కలిసి గంట గంటకు సుక్రోజును విడగొడుతూ, రసమును పులిపిస్తూ ఉంటాయి. ఎండ ముదిరితే ఆ పని మరింత వేగముగా సాగుతుంది. ఇరువదినాలుగు గంటలలో ఆడుకోవాలి అని వ్యవసాయ శాఖవారు చెప్పేది ఇందుకే.

"గానుగోడు రాకుంటే మేమేం జేస్తం?" అన్నారాయన. నిజమే. ముత్యంపేటలో నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులలో ఆ చుట్టుపక్కల రైతులకు బెల్లము రంగును గూర్చి చింత తక్కువ; చెరకును ఫ్యాక్టరీకి తోలితే సరిపోయేది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు చోట్లా అది మూతపడింది. చెరకు మానుకోని చిన్న రైతుకు గానుగ వంతే గతి.

వంతు సకాలములో వచ్చినా కొన్ని యేండ్లు బెల్లము నల్లగానే వస్తుంది. ముదరని చెరకులో చిన్న చక్కెరలు ఇంకా జతకూడి ఉండవు. మరీ ముదిరి పోయిన దానిలో అవి మళ్ళీ విడిపోతాయి. ఈదురుగాలికి పడిపోయిన తోట, ఎర్రకుళ్ళు తెగులు తగిలిన గడ, పురుగు తొలిచిన గడ కూడ అటువంటివే. చౌడు నేలలో, ఉప్పునీటి బోరు క్రింద పెరిగిన చెరకు రసములో లవణములు ఎక్కువై రంగు ముదురుతుంది, రుచి కూడ కొంచెము ఉప్పగా తగులుతుంది. ఆలస్యముగా యూరియా చల్లితే ఆకు పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది గాని రసములో నత్రజని పదార్థములు మిగిలి పెనములో నలుపెక్కుతాయి. మన పెద్దాయన ఆ యేడు అది కూడ చేశారట! ఇనుప గానుగ, ఇనుప పెనము తోమకుండ వాడితే వాటి తుప్పు కూడ తన వంతు రంగు కలుపుతుంది.

ఈ లోపములను వండేవారు కొంతవరకు సరిదిద్దుకోగలరు. సున్నపు తేట వేస్తే రసములోని పులుపు విరుగుతుంది. ఎక్కువైతే అదే నల్లబరుస్తుంది గనుక చేయి అదుపులో ఉండాలి. నలుగగొట్టిన బెండ కాండము జిగురు వేస్తే మడ్డి పైకి తేలుతుంది, జల్లితో తీసివేయవచ్చు. 1913 నుండి చెరకుపై పరిశోధన జరుగుతున్న అనకాపల్లి ప్రాంతములో బెల్లము వండేవారికి ఇవి కొత్త సంగతులు కావు. పాకము 118 డిగ్రీల దగ్గరకు రాగానే దించాలి. థర్మామీటరు లేనివారు చన్నీళ్ళలో చుక్క వేసి ఉండ కడుతుందో లేదో చూస్తారు. ఆ చుక్క చూచే కన్ను తప్పితే మంచి రసము కూడ మాడుతుంది.

చల్లని దేశములలోను ఇదే కథ. కెనడాలోను, అమెరికా ఈశాన్య రాష్ట్రములలోను మేపుల్ అనే చెట్టు మాను తొలిచి, చలికాలము చివర కారే నీటిని పట్టి కాచుతారు. సుమారు నలుబది లీటర్ల నీరు కాచితే ఒక లీటరు పాకము. రాత్రి మంచు గడ్డకట్టే తొలి దినములలో పాకము బంగారు రంగులో వస్తుంది. ఎండ పెరిగే కొద్దీ ఆ నీటిలో సూక్ష్మజీవులు చేరి చక్కెరను విడగొడతాయి, పాకము నల్లబడుతుంది. మన ఈత, తాటి నీరాను తెల్లవారకముందే, సున్నము పూసిన కుండలో పట్టుటకు కారణము కూడ ఇదే. అయితే అక్కడివారు చేసిన ఒక పని మాకు నచ్చింది. 2015లో అమెరికా వ్యవసాయ శాఖవారు అమ్మకానికి వచ్చే మంచి పాకములను, లేతవైనా నల్లనివైనా, ఒకే ఉత్తమ శ్రేణిలో చేర్చారు. రంగును, రుచిని పేరులో చెప్పి అమ్ముతున్నారు. నల్లని పాకమునే రుచి ఎక్కువని కోరి కొనేవారున్నారు.

మన అంగడిలో మాత్రము తెల్లని దిమ్మకే ధర. దాని ఫలితము ఏమిటి? రంగు తేలకపోతే నష్టపోతామని కొందరు పాకములో హైడ్రోస్ అనే రసాయనము చల్లుతున్నారు. అది గంధకముతో కూడిన విరంజనము. రంగు క్షణములో తేలుతుంది, కొన్ని వారములు నిలువ ఉంటే మళ్ళీ ముదురుతుంది. గంధకము అవశేషము ఇంత మించరాదని ఆహార చట్టము హద్దు పెట్టింది గాని, సంతలో ప్రతి ముద్దను ఎవరు కొలుస్తారు? సహోదరీలారా, మీ ఇంటికి వచ్చిన బెల్లము నల్లగా ఉంటే ముందుగా వాసన చూడండి, చిన్న ముక్క నాలుకపై వేయండి. పుల్లని వాసన వస్తే అది చెడిపోయింది. చేదు తగిలితే మాడింది. రెండూ లేక శుభ్రమైన తీపి ఉంటే అది మంచి బెల్లమే. అనుమానించవలసి వస్తే మరీ తెల్లనిదానినే అనుమానించండి.

బొగ్గు దుమ్ములో పని చేసి వచ్చినవారు బెల్లము ముక్క నోట వేసుకొనుట మన కాలనీలలో చూస్తూనే ఉన్నాము. లక్నోలోని పారిశ్రామిక విష పరిశోధనా కేంద్రమువారు ఎలుకలకు బొగ్గు దుమ్ము ఎక్కించి, బెల్లము తినిపించి చూచారు. ఊపిరితిత్తులలోని దుమ్ము కదలుటకు అది తోడ్పడినట్లు 1994లో ప్రకటించారు. అవి ఎలుకలు గనుక, బెల్లమును నమ్ముకొని ముఖానికి గుడ్డ కట్టుకొనుట మానవద్దు. షుగరు వ్యాధి ఉన్నవారికి నల్లబెల్లమైనా తెల్లబెల్లమైనా చక్కెరే.

నల్లని ముద్దను అరిసెలకు వాడితే పాకము త్వరగా గట్టిపడదు, నూనెలో అరిసె త్వరగా ఎర్రబడుతుంది, మంట తగ్గించుకోవాలి. వానలు రాకముందే దానిని వాడుకొనుట మంచిది, తేమ తగిలితే కారిపోతుంది. పెద్దాయన తెచ్చిన సంచిని మా ఇంట్లో పాయసమునకు, పల్లిపట్టీలకు జూన్ లోపలే తీర్చివేశాము. కోడలు కూడ పక్కింటివారికి పంచిపెట్టింది.

ఆ మరుసటి యేడు ఆయన గానుగవానికి ముందుగా బయానా ఇచ్చి, వంతు ఖాయమైన తరువాతనే చెరకు కొట్టించారు. సంచి విప్పి చూపించారు. పైనున్న ముద్దలు తేనె రంగులో ఉన్నవి. అడుగున రెండు ముద్దలు మాత్రము నల్లగా ఉన్నవి. "గవి ఆఖరి పెనంవి, ఇంజన్ ఖరాబై రెండొద్దులు ఆగినయి" అని నవ్వారు.