ఏజియన్ సముద్రమున ఏడు దినములు

గ్రీసు దేశపు పటము తీసి చూచినచో, ఏథెన్సు నగరమునకు ఆగ్నేయముగా, ఎవరో దోసెడు రాళ్లు వెదజల్లినట్లు ద్వీపములు కనబడును. వీనికి సిక్లడీస్ అని పేరు. నడుమనున్న డీలోస్ అను చిన్న పవిత్రద్వీపమును చుట్టి వలయముగా నున్నవి కావున ప్రాచీనులు ఆ పేరు పెట్టిరి. మధ్యధరా సముద్రమున ఈ భాగమునే ఏజియన్ సముద్రమందురు. ప్రతి వేసవియందును పలు దేశముల వారు ఇచ్చటికి వచ్చి, తెరచాపల విహారనౌకలను వారము దినములకు అద్దెకు తీసికొని, ద్వీపమునుండి ద్వీపమునకు తిరుగుచుందురు. ఓడ నడుపువానికి అర్హతాపత్రము ఉండవలెను. పని తెలిసిన తోడు మరియొకరు ఉండవలెను. శనివారము సాయంకాలము ఓడను అప్పగింతురు. మరుసటి శుక్రవారము సాయంకాలమునకు దానిని తెచ్చి బయలుదేరిన రేవుననే కట్టుట వాడుక. పేరునకు వారమే గాని, ప్రయాణమునకు మిగులునవి ఆరు దినములే.

ఈ ఆరు దినములలో ఎక్కడికి పోవుదురని అడిగినచో, క్రొత్తవారు మొట్టమొదట సాంటొరీని పేరు చెప్పుదురు. పూర్వమెన్నడో అగ్నిపర్వతము బ్రద్దలై, నడుమ కూలిన గోతిలోనికి సముద్రము చొచ్చిన ద్వీపమది. కొండ అంచున తెల్లని ఇండ్లు, క్రింద నిలువులోతు నీలము; ఛాయాచిత్రమును చూచినవారికి పోవలెనను కోరిక కలుగుట సహజమే. ఏథెన్సు సమీపమున లావ్రియో అను రేవు నుండి అది సుమారు 100 సముద్రపు మైళ్లు. సముద్రపు మైలనగా 1852 మీటర్లు. నలువది అడుగుల విహారనౌక గంటకు ఐదారు మైళ్లు పోవును. కావున రెండు దినములలో చేరవచ్చునని కాగితముపై లెక్క తేలును. పోవుటకు ఆ లెక్క సరియైనదే. వచ్చుటకు మాత్రము అది చెల్లదు.

చెల్లకపోవుటకు కారణము గాలి. వేసవి నడుమ, జూలై, ఆగస్టు నెలలలో, ఏజియన్ సముద్రముపై ఉత్తరపు గాలి విడువకుండ వీచును. నేటి గ్రీకులు దీనిని మెల్టెమి అందురు. ప్రాచీనులు ఎటీసియన్ గాలులనిరి. ఏటేట వచ్చునవి అని ఆ మాటకు అర్థము. మన రుతుపవనము వలెనే దీనికిని కాలమును బట్టియే పేరు వచ్చినది. ఈ గాలికొక కపటము కలదు. తుపాను వచ్చుటకు ముందు మబ్బు పట్టును, ఆకాశము రంగు మారును. మెల్టెమికి అట్టి సూచన లేదు. ఆకాశము నిర్మలముగనే ఉండును, ఎండ కాయుచుండును, దూరపు కొండలు చేతికందునట్లు స్పష్టముగా కనబడును. సముద్రము మాత్రము తెల్లని నురుగుతో లేచి పడుచుండును. గాలి బలమును కొలుచు బోఫోర్టు కొలమానములో ఇది తరచుగా ఐదు, ఆరు అంకెల నడుమ ఉండును. ఒక్కొక్కప్పుడు ఏడెనిమిదికి పోవును. ఆరవ అంకె యనగా గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగము. ఒకసారి పట్టిన గాలి మూడు, నాలుగు దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నిలుచును.

ఈ గాలికి మూలమును వెదకుచు పోయినచో మనము చివరకు మన దేశమునకే వత్తుము. వేసవిలో బాల్కన్ దేశములపై వాయుపీడనము అధికముగా ఉండును. తూర్పుననున్న అనటోలియా పీఠభూమిపై అల్పముగా ఉండును. ఈ రెండింటి నడుమ గాలి ఏజియన్ మీదుగా దక్షిణమునకు పారును. అనటోలియా మీది అల్పపీడనము ఒంటరిది కాదు. సింధు, రాజస్థానము, ఇరాను ప్రాంతములపై ఎండకు ఏర్పడు పెద్ద అల్పపీడనమునకు అది పడమటి కొస. ఆ పెద్ద అల్పపీడనమే మన నైరుతి రుతుపవనమును లోనికి లాగుకొనుచున్నది. గోదావరి మండలమున రైతు నారుమడికి వాన వచ్చినదని సంతోషించు దినములలోనే, డీలోస్ దగ్గర సరంగు తెరచాపను కుదించుకొనుచుండుటకు ఒకే ఎండ కారణమన్నమాట. మనకు తడి గాలి, వారికి పొడి గాలి, అంతియే భేదము.

ఇక తెరచాప సంగతి. వెనుకనుండి గాలి వీచునప్పుడు ఓడ పోవుట అందరికిని తెలిసినదే. ప్రక్కగాలిలోను అది చక్కగా పోవును. కాని గాలికి సూటిగా ఎదురు పోగల తెరచాప లేదు. గాలి వచ్చు దిక్కునకు ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు ఓరగా మాత్రమే పోగలదు. తిరుమల కొండ ఎక్కు బస్సు నిలువుగా ఎక్కక మలుపులు తిరిగి పోయినట్లు, ఓడయు కుడికి కొంత, ఎడమకు కొంత తిరుగుచు ముందునకు పోవలెను. ఈ విధముగా ఎదురుగాలిలో 10 మైళ్లు సాగవలెనన్న 14 మైళ్లు నడువవలసి వచ్చును. దీనికి తోడు ప్రతి అలయు ముక్కుపై కొట్టి వేగమును తగ్గించును. ఓడ ఒక ప్రక్కకు ఒరగియే ఉండును. వంటపొయ్యిని అలలతో పాటు ఊగునట్లు అమర్చి ఉందురు గనుక గిన్నె నిలుచును గాని వండువారు నిలువలేరు. దక్షిణముననున్న సాంటొరీని నుండి లావ్రియోకు తిరిగి వచ్చుదారి వాయవ్యముగా, దాదాపు ఈ ఎదురుగాలిలోనికే ఉన్నది. సెలవుదినమని వచ్చిన కుటుంబము మూడు దినములు ఈ విధముగా తడిసి, డోకులతో సొమ్మసిల్లి, ఇక ఈ జన్మలో ఓడ ఎక్కమని ఒట్టు పెట్టుకొనుట ఆ రేవులలో వింత కాదు. ఇంజను లేదా అని అడుగవచ్చును. ఉన్నది, కాని రేవులో మెలగుటకు చాలిన ఆ చిన్న యంత్రము ఏడవ అంకె గాలిలో అలలకు ఎదురొడ్డి సాగించునది స్వల్పమే.

ఈ గాలి రాజ్యములను సయితము ఇక్కట్ల పాలు చేసినది. ఏథెన్సు వారు నౌకాబలమున మేటులు. ఉత్తరమున మాసిడోనియా రాజు ఫిలిప్పు వారి వేసవి సంకటమును కనిపెట్టి, ఎటీసియన్ గాలులు వీచునప్పుడో, చలికాలముననో దండెత్తుచుండెను. మన ఓడలు అచ్చటికి పోలేని కాలమునే అతడు ఎన్నుకొనుచున్నాడని వక్త డెమొస్తనీసు క్రీ. పూ. 351 ప్రాంతమున తన నగరవాసులను హెచ్చరించెను.

కావున తెలిసిన సరంగు వారపు ప్రయాణమును శుక్రవారమునుండి వెనుకకు లెక్క వేసికొనును. మొదట తూర్పుగా కేయా ద్వీపమునకు పోవును. అది లావ్రియో నుండి పదునైదు మైళ్లకు మించదు. దాదాపు ఒకే అక్షాంశమున ఉన్నది గనుక పోవుటకును వచ్చుటకును ప్రక్కగాలియే. అచ్చట కొండవాలున ఒకే రాతిని తొలిచిన సింహము కలదు. దానిని చెక్కి ఇరువదియైదు శతాబ్దములు దాటినది. కేయా సమీపముననే 1916 నవంబరు 21న బ్రిటానిక్ అను వైద్యనౌక మందుపాతర తగిలి మునిగెను. అది టైటానిక్ ఓడకు తోబుట్టువు. తరువాత కిథ్నోస్. అచ్చట లూత్ర అను ఊర వేడినీటి ఊటలు సముద్రపు ఒడ్డుకే పారును. మరునాడు సీరోస్ ద్వీపమున ఎర్మూపోలి నగరము. 1820 దశకమున స్వాతంత్ర్య యుద్ధమునుండి పారివచ్చిన కాందిశీకులు కట్టుకొన్న ఈ పట్టణము పందొమ్మిదవ శతాబ్దమున గ్రీసునకు ముఖ్యమైన ఓడరేవుగా వర్ధిల్లినది.

సాయంకాలము ఓడను కట్టుట ఒక విద్య. మధ్యధరా సముద్రమున ఆటుపోటులు బహు స్వల్పము. కావున ఓడను గట్టునకు అడ్డముగా గాక, వెనుకభాగము గట్టువైపు ఉండునట్లు కట్టుదురు. ముందుగా దూరమున లంగరు దింపి, గొలుసు వదలుచు వెనుకకు నడిపి, రెండు మోకులు గట్టున బిగింతురు. ఇరువురి గొలుసులు ఒకదానిపై నొకటి పడినచో ఉదయము ప్రక్క ఓడవాని లంగరు కూడ పైకి వచ్చును. అప్పుడు పలు భాషలలో మాటలు వినబడును. రేవు చేరినంత మాత్రమున నీరు దొరకునను నమ్మకము లేదు. ఇవి వాన తక్కువ ద్వీపములు. మూడు, నాలుగు వందల లీటర్ల తొట్టితో ఆరుగురు మూడు దినములు గడుపుట నేర్వవలెను.

సీరోసు నుండి డీలోస్ పదునైదు మైళ్ల దూరము. అపోలో దేవుడు అచ్చట పుట్టెనని గ్రీకుల పురాణము. క్రీ. పూ. 426లో ఏథెన్సువారు అచ్చటి సమాధులన్నిటిని తవ్వి తీసివేసి, ఇకమీదట ఆ నేలపై ఎవరును పుట్టరాదు, ఎవరును చావరాదు అని శాసించిరి. నేడును యాత్రికులు పగటివేళ చూచి పోవలసినదే, రాత్రి ఉండనీయరు. పాలరాతి సింహములు, విరిగిన స్తంభములు, బల్లులు, గాలి, చెట్లనీడ అరుదు.

ఏథెన్సు నుండి ప్రతి సంవత్సరము ఈ ద్వీపమునకు ఒక పవిత్రనౌక పోయి వచ్చెడిది. అది బయలుదేరిననాటి నుండి తిరిగి చేరువరకు నగరము శుచిగా ఉండవలెను. ఎవరికిని మరణదండన అమలు చేయరాదు. క్రీ. పూ. 399లో సోక్రటీసుపై విచారణ జరుగుటకు ముందుదినముననే ఆ ఓడ వెనుకభాగమునకు పూలదండ వేసిరి. కావున శిక్ష పడిన పిమ్మట ఆ వృద్ధుడు సుమారు నెల దినములు చెరసాలలో ఓడరాకకై వేచియుండెను. ఎదురుగాలులు పట్టినచో ఈ యాత్రకు చాల కాలము పట్టుచుండెడిదని ప్లేటో వ్రాసినాడు. మిత్రులు ప్రతిదినము వచ్చి ఆయనతో మాటలాడుచుండిరి. ఒక తెల్లవారుజామున క్రీటో అను స్నేహితుడు వచ్చి, ఓడ సూనియన్ అగ్రము వద్దకు చేరినదని అచ్చటినుండి వచ్చినవారు చెప్పుచున్నారని తెలిపెను. లావ్రియోకు ప్రక్కనే ఉన్న అగ్రమిది. డీలోసు నుండి సూనియనుకు పటముపై అరువది మైళ్లు. నేటి విహారనౌక అనుకూలమైన గాలిలో ఒక్క పగటిలో చేరగల దూరము.

తిరుగుదారియందు సరంగు రేడియోను వదలడు. తీరకేంద్రముల వాతావరణ ప్రసారములు గ్రీకు భాషలోను, ఇంగ్లీషులోను వినవచ్చును. పదహారవ చానలు ఆపత్కాలమునకు ఎప్పుడును తెరచి యుండును. గాలి మరీ మించినప్పుడు రేవు అధికారులు పెద్ద ప్రయాణికుల ఓడలను సయితము ఆపివేయుదురు. ఆనాడు ఊరకుండుటయే పని. గురువారము నాటికి కేయాకు తిరిగి చేరియుండుట క్షేమము. అందుకొరకు డీలోసును చూచుటకు ఒక పూట తగ్గినను తగ్గనీయవలెను. సాంటొరీని కావలసినవారు రెండు వారములు తీసికొనవలెనని మా సలహా. లేనిచో ప్రయాణికుల ఓడలో పోయి రావచ్చును, అందులో చిన్నతనమేమియు లేదు.

ఉత్తరమున ఎవియా, ఆండ్రోస్ ద్వీపముల నడుమ ఇరుకుదారిలో గాలి గొట్టమున దూరినట్లు దూరి కేయా ముందరి జలసంధిపై పడును. అది మధ్యాహ్నమునకు ముదురును. అందుచేత శుక్రవారము నాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే లంగరు ఎత్తుదురు. చీకటిలో గొలుసు గలగలలు ఒక ఓడనుండి మరియొక ఓడకు ప్రాకును. తెలవారునప్పటికి ముందు మాక్రోనిసోస్ అను బోడి ద్వీపము కనబడును. 1947 నుండి అచ్చట రాజకీయ ఖైదీలను ఉంచిన శిబిరములుండెడివి. దానిని చుట్టి వచ్చినచో లావ్రియో. ఎడమవైపున, దూరముగా, సూనియన్ కొండకొనపై సముద్రదేవుడు పొసైడాన్ ఆలయపు తెల్లని స్తంభములకు ఎండ తగులుచుండును.